ఇరవై ఎనిమిదిలో ముగ్గురు

చీకటి పక్షం, ఏకాదశి

హాజరు: ముప్ఫై ఒకరికి ముప్ఫై మంది. రానివాడు అసిరిబాబు. పాలపన్ను ఊడిందట, అదీ ఒక కారణమే.

గాలి లెక్క: పద్ధెనిమిది, నీటి ఆవిరి, సరిగా ఉంది. ఇరవై ఎనిమిది, నత్రజని, సరిగా ఉంది. ముప్ఫైరెండు, ప్రాణవాయువు, సరిగా ఉంది. నలభై నాలుగు, బొగ్గుపులుసు వాయువు, కాస్త ఎక్కువ. నిన్న భజనలో అందరూ గొంతులు చించుకున్నారు మరి.

ఈ లెక్క రోజూ పొద్దున్న మా పిల్లలే మైకులో చదువుతారు. చంద్రుడి నేల కింద ఈ బిలంలో ఉన్న ఎనిమిది వందల మందీ అది విన్నాకే పొయ్యి వెలిగిస్తారు. లెక్క తీసే యంత్రం బిలం మొత్తానికీ ఒకటే, అదీ మా బడిలోనే ఉంది. ద్రవ్యరాశి వర్ణపటమాపకం అని పుస్తకంలో దాని పేరు. ఆ పేరు పలికేలోపు గాలి అయిపోతుంది కనక మేం కాటా అంటాం. అది గాలిని పీల్చుకుంటుంది, ఒక్కో అణువునీ కొట్టి దాంట్లోంచి ఎలక్ట్రాన్ ఊడగొడుతుంది, మిగిలిన అణువుని అయస్కాంతం పక్కన తిప్పి ఎంత ఒంగిందో చూసి, కాగితం మీద దాని బరువు దగ్గర ఒక గీత గీస్తుంది. కొట్టు, తిప్పు, తూచు. ఒకటో తరగతి పిల్లకి కూడా ఇది వచ్చు. ఇరవై ఎనిమిదంటే నత్రజని అని మా వాళ్లకి అమ్మ అనడం కంటే ముందే వస్తుంది.

ఈ పుస్తకంలో హాజరూ, గాలి లెక్కా తప్ప రాయకూడదని నియమం. ఇరవై రెండేళ్లు పాటించాను. ఇవాళ పాటించను, మనసు బాగాలేదు.

తోటలో పూత మళ్లీ రాలిపోయింది. ఇది మూడోసారి. చిక్కుడు, మిర్చి, టమాటా, ఏదీ పిందె కాలేదు. నీళ్లు బాగున్నాయి, దీపాలు బాగున్నాయి, ఎరువు బాగుంది. అన్నీ బాగుంటే మిగిలింది మనిషే కదా. తోట చూసే పోలినాయుడికి చేతివాసి పోయిందని నిన్న పంచాయతీ తేల్చింది.

మా దగ్గర విత్తనం ఎవరు పడితే వాళ్లు వేయరు. వెలుగు పక్షం పంచమి నాడు ఇంటికొకరు తోట గుమ్మంలో వరసగా నిలబడతారు. పోలినాయుడు ఒక్కొక్కరి అరచేతిలో గింజ పెడతాడు. ఆయన చేతిలోంచి వచ్చిన గింజే మట్టిలోకి వెళ్లాలి. ముప్ఫై ఏళ్లుగా ఇదే తీరు. వచ్చే పంచమికి మాత్రం గింజలు వేరే చేతి మీదుగా ఇస్తారట. ఆయన్ని దుమ్ము ఊడ్చే పనికి మారుస్తారట.

చీకటి పక్షం, ద్వాదశి

హాజరు: ముప్ఫై ఒకటి. అసిరిబాబు పన్ను జేబులో తెచ్చుకుని అందరికీ చూపించాడు.

గాలి లెక్క: అన్నీ సరిగా ఉన్నాయి.

మధ్యాహ్నం పోలినాయుడు బడికి వచ్చాడు. అరవై మూడేళ్ల మనిషి, ఇన్నేళ్లలో బడి గడప తొక్కింది లేదు. వాళ్ల అమ్మాయి రెండు నెలల పాపని ఎత్తుకుని వెనకే వచ్చింది. పాప మీద కప్పిన కండువా జారిపోతుంటే సర్దమని తండ్రితో అంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీరే సర్దండి టీచరమ్మా" అన్నాడు.

నేను సర్దాను. వాళ్ల అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"పుట్టినకాడి నుంచీ మా అయ్య పాపని ముట్టుకోనేదండి. ఉయ్యాల్లో కూడా మా అత్తగారే ఏసినారు" అంది.

"నా సెయ్యి సెడ్డాదే అమ్మీ. మొక్కలకే పనికిరాని సెయ్యి పసిగుంటకి తగల్నిత్తానేటి?" అన్నాడు ఆయన. కోపంగా కూడా అనలేదు, పక్కింటి వాళ్ల సంగతి చెప్పినట్టు అన్నాడు.

ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పిన నోటితో, చేతివాసి లేదు కాకరకాయా లేదు బాబాయ్, అని గట్టిగానే అన్నాను. ఆయన కాటా వైపు చూశాడు.

"మరైతే ఏటమ్మా? ఒకపాలి నీల్లన్నాను. రెండోపాలి ఎలుతురన్నాను, లోన మాత్రం మొదట్నుంచీ నా సెయ్యి మీదే అనుమానం. మూడోపాలి మరేటనను? గాలి బాగుందని మీరు రోజూ సెప్తన్నారు గదా."

"గాలి బాగానే ఉంది. ఇదిగో, ఇరవై ఎనిమిది. నత్రజని."

"అది తూకం. తూకమొకటైతే సరుకొకటైపోద్దేటి? కిలో మెంతులూ కిలో ఆవాలూ కాటాకి ఒకటే. నోట్లో ఏసుకుంటే గదా తెలిసీది."

ఏదో చాదస్తం అనుకుని నవ్వాను. ఆయన వెళ్లాక నవ్వు ఆగిపోయింది. అప్పటినుంచీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

చీకటి పక్షం, త్రయోదశి

హాజరు: ముప్ఫై ఒకటి. గాలి లెక్క: సరిగా ఉంది అని మైకులో చదివించాను. సరిగా ఉందో లేదో నాకే తెలియకుండా చదివించడం ఇవాళే మొదలు.

పదో తరగతికి పాఠం మార్చేశాను. నల్లబల్ల మీద ఇరవై ఎనిమిది అని రాసి, ఇది ఎవరు, అని అడిగాను. నత్రజని అని అరిచారు. పద్నాలుగు, పద్నాలుగు కలిపితే ఇరవై ఎనిమిది. ఇంకెవరైనా ఉండచ్చా అన్నాను. ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగి చూశారు. తర్వాత పైడితల్లి లేచింది. అది నా తరగతిలో అందరికంటే తెలివైన పిల్ల, నోటి దురుసు కూడా దానికే ఎక్కువ.

"కార్బన్ పన్నెండు, ఆక్సిజన్ పదహారు. కార్బన్ మోనాక్సైడ్. అదీ ఇరవై ఎనిమిదే టీచర్" అంది.

అది విషం. రంగూ వాసనా లేని విషం. ఇంతకాలం నత్రజని గీత వెనక అది నక్కి కూర్చుందేమో, ఎవరు చూశారు? పైగా పోలినాయుడు రోజుకి పది గంటలు ఆ తోటలోనే ఉంటాడు.

పోలినాయుడు అన్నట్టు తూచడం కాక, నోట్లో వేసుకుని నమలడం ఎలాగో అప్పుడు తట్టింది. ప్రతి అణువుకీ తన ఎలక్ట్రాన్ మీద ఒక పట్టు ఉంటుంది. పుస్తకం దాన్ని అయనీకరణ శక్తి అంటుంది, మా పిల్లలు పట్టు అంటారు. మా కాటా డెబ్భై ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బతో కొడుతుంది. డెబ్భై దెబ్బకి ఎవరి పట్టైనా ఊడుతుంది, అందరూ ఒకేలా కనిపిస్తారు. మెల్లగా కొడితే పట్టు గట్టిగా ఉన్నవాడు వదలడు, వదులుగా ఉన్నవాడే బయటపడతాడు. రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. దాని పట్టు పదిహేనున్నర దాటి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టు పద్నాలుగు. కాబట్టి దెబ్బ పదిహేనుకి తగ్గించి కొడితే నత్రజని కనపడకూడదు.

ముందు బడి గాలి పెట్టాం. పదిహేను దగ్గర ఇరవై ఎనిమిది గీత పూర్తిగా పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత తోట నుంచి సీసాలో పట్టి తెచ్చిన గాలి పెట్టాం. గీత చిన్నదైంది కానీ పోలేదు.

ఇంక నేను ఆగలేదు. యాభై ఏళ్ల ఒళ్లు వేసుకుని తోట దాకా పరుగెత్తాను. టమాటా మళ్ల దగ్గర కూర్చున్న పోలినాయుణ్ణి రెక్క పట్టి బయటికి లాక్కొచ్చాను. ఆయన చెయ్యి విదిలించుకుంటూ, నన్ను ముట్టుకోకమ్మా, నీకంటుకుంటాది, అంటాడే కానీ నా మాట వినడు. గంటసేపు గుమ్మం బయట కూర్చోబెట్టాను. ఆయనకి తలనొప్పి లేదు, తల తిరగడం లేదు. తిట్లు మాత్రం బాగా వస్తున్నాయి.

బడికి తిరిగొచ్చేసరికి పైడితల్లి కాటా ముందు నిలబడి ఉంది. "పదమూడు పెట్టి చూడకుండానే పరుగెత్తారు టీచర్. మాకైతే సగం మార్కులు కోసేవారు."

నిజమే, కోసేదాన్ని. పదమూడు పెట్టాం. కార్బన్ మోనాక్సైడ్ అయితే ఇప్పుడు పోవాలి. గీత పోలేదు. పన్నెండు, అలాగే ఉంది. పదకొండు పెడితే ప్రాణవాయువు కూడా కాగితం మీంచి తప్పుకుంది, నీటి ఆవిరి అంతకుముందే పోయింది. మిగిలింది ఇరవై ఎనిమిది దగ్గర ఒక్క చిన్న గీత. పది పెట్టాం. అప్పుడు పోయింది.

పట్టు పదికీ పదకొండుకీ మధ్య. ఇరవై ఎనిమిదిలో మూడోవాడు ఉన్నాడన్నమాట. పుస్తకం వెనక పట్టిక తెరిచి పిల్లలంతా దాని మీద పడ్డారు. రెండు కార్బన్లు ఇరవై నాలుగు, నాలుగు హైడ్రోజన్లు నాలుగు. ఇథిలీన్.

పండు ముగ్గేటప్పుడు వదిలే గాలి అది. మనుషులకి ఆ కొంచెం ఏమీ చేయదు. మూసిన గదిలో పోగుపడితే మొక్కలు తమకి వయసైపోయిందనుకుని పూత దులిపేసుకుంటాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన చేతిలో ఏమీ లేదు.

చీకటి పక్షం, చతుర్దశి

హాజరు రాయలేదు. గాలి లెక్క పిల్లలు చదివారు, నేను వినలేదు.

పంచాయతీ పెద్ద అచ్చియ్యమ్మ గారికి గీతలు చూపిస్తే గీతల్లాగే కనిపిస్తాయి. ఆవిడ కంటికి ఆనేది కావాలని బడి బీరువాలోంచి పర్మాంగనేట్ తీశాను. ఇథిలీన్‌లో రెండు కార్బన్లూ రెండు బంధాలతో పట్టుకుని ఉంటాయి. అందులో రెండో బంధం వదులు. వంకాయ రంగు పర్మాంగనేట్ తగిలితే అది తెగుతుంది, రంగు మట్టిరంగుకి దిగుతుంది. కుండపెంకులు ఆ నీళ్లలో ముంచి, కొన్ని బడిలో వేలాడదీశాం, కొన్ని తోటలో ఫ్యాను ముందు కట్టాం. బడిలోవి వంకాయ రంగులోనే ఉన్నాయి. తోటలోవి సాయంత్రానికి పాత ఇటుకలయ్యాయి.

మరి ఇంతకుముందు లేని ఇథిలీన్ ఇప్పుడెలా పోగుపడింది? తోట చివర అరటి గెలలు ముప్ఫై ఏళ్లుగా ముగ్గుతూనే ఉన్నాయి. తోట గాలిగొట్టంలో ఒక కుంపటి ఉండేది. కొలిమి రంగులో కాలుతూ ఇలాంటి చిల్లర వాయువులన్నిటినీ మాడ్చేసేది. ఏడు నెలల క్రితం కరెంటు మిగులుతుందని దాన్ని ఆర్పేశారు. ఆర్పేముందు పంచాయతీ బడి మాట అడిగింది. కాగితం వెతికి తీశాను. "తోట గాలిలో అదనపు వాయువులేవీ లేవు. కుంపటి ఆర్పవచ్చు." కింద సంతకం నాదే. కస్తూరి, రసాయనశాస్త్రం.

కాటాలో కొత్త గీత ఏదీ లేదని ఆ రోజు సంతకం పెట్టాను. ఇరవై ఎనిమిది నత్రజని అని ఇరవై రెండేళ్లు పిల్లల చేత వల్లె వేయించి, నేనూ దాన్ని నమ్మేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి తనే వెళ్లి కుడితిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే.

కాగితం, కుండపెంకులు పట్టుకుని అచ్చియ్యమ్మ గారింటికి వెళ్లాను. ఆవిడ అంతా విని, తలుపు దగ్గరగా వేశారు.

"టీచరమ్మా, పొద్దు రాగానే కుంపటెలిగించేద్దాం. ఆ మనిషి సేతికి ఓ శాంతి సేయించేద్దాం. శాంతి సేసినారు, సెయ్యి బాగుపడ్డాది అంటాం. పంచమికి ఆయనే గింజలిత్తాడు. అందరికీ మంచిదే గదా."

"మరి నిజమో?"

"నిజం మైకులో సెప్తే రేపు గాలి బాగుందని నీవన్నా ఎవులు నమ్ముతారు? ఎనిమిదొందల మంది ఆ మాట మీద ఊపిరి పీల్సుకుంటన్నారు."

ఆవిడ స్వార్థంతో అనలేదు. మనుషుల భయం ఆవిడకి తెలుసు. సరే అన్నాను.

అమావాస్య

సరే అన్నాను. ఇంక రాయడానికి ఏమీ లేదు.

వెలుగు పక్షం, పాడ్యమి

పైన సూర్యుడు వచ్చాడు. ఇంక పదిహేను రోజులు కరెంటుకి కొదవ లేదు. కుంపటి వెలిగించారు. అది వేడెక్కేదాకా తోటలో గాలి శుభ్రం కావాలని మా బీరువాలో ఉన్న పర్మాంగనేట్ అంతా కుండపెంకులకి ఎక్కించేశాం. ఈ ఏడు పదో తరగతికి ఆ ప్రయోగం నోటితోనే చెప్పాలి.

సాయంత్రం పోలినాయుడింటికి వెళ్లాను, ఊరికే చూసి వద్దామని. ఆయన శాంతి కోసం ఉపవాసం ఉన్నాడు. రెండు చేతులూ పసుపు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"బాగవుద్దంటావా టీచరమ్మా?"

నావల్ల కాలేదు. గడపలోనే కూలబడి అంతా చెప్పేశాను. మూడోవాడి సంగతి, కుంపటి సంగతి, సంతకం సంగతి. మీ చేయి ఎప్పుడూ చెడలేదు బాబాయ్, చెడింది నా చూపు, అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో.

ఆయన పసుపు నీళ్లలోంచి చేతులు తీశాడు. పంచెకి తుడుచుకున్నాడు.

"ఎప్పుడార్పినారు?"

"ఏడు నెలలైంది."

"అప్పుటికి మా అమ్మి కడుపుతో ఉంది." వేళ్ల మీద ఏవో లెక్కపెట్టాడు. "ఏడు నెల్లు నా సేతిని నానే నమ్మనేదమ్మా. రాత్తిర్లు కత్తిపీట కేసి సూసీవోణ్ణి. నీవు సంతకమెట్టీసి పాఠాలు సెప్పుకున్నావు."

"తప్పైంది బాబాయ్. క్షమించు."

"నా సెవిలో సెప్తే ఎవులికి తెలుత్తాది? బిలమంతా నా సెయ్యి సెడ్డాదనుకుంటంది. నాకు శాంతొద్దు, ఏటొద్దు. నీ మైకులో సెప్పు. గాలి లెక్క సెప్పినట్టు సెప్పు." లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తలుపు బయట కాసేపు ఏడ్చాను. నా మీద జాలితో కాదు, కత్తిపీట మాటకి.

వెలుగు పక్షం, విదియ

పొద్దున్న పిల్లల చేతిలోంచి మైకు తీసుకున్నాను. పైడితల్లి నీళ్లిచ్చింది. ఏం చదివానో అదే ఇక్కడ రాస్తున్నాను.

"గాలి లెక్క. పద్ధెనిమిది, సరిగా ఉంది. ముప్ఫైరెండు, సరిగా ఉంది. నలభై నాలుగు, సరిగా ఉంది. ఇరవై ఎనిమిదిలో ముగ్గురు ఉండగలరు. ఒకరే ఉంటారని ఇరవై రెండేళ్లు చెప్పాను, అది తప్పు. తోటలో మూడోవాడు చేరి పూత రాల్చాడు. వాణ్ణి మాడ్చే కుంపటిని ఏడు నెలల క్రితం నా మాట మీద ఆర్పారు. పోలినాయుడి చేతిలో ఏ దోషమూ లేదు. దోషం టీచరు కస్తూరి సంతకంలో ఉంది. మళ్లీ చదువుతున్నాను."

మూడుసార్లు చదివాను. హాజరు: ముప్ఫై ఒకటి. ఎవరూ గొడవ చేయలేదు.

వెలుగు పక్షం, తదియ

అచ్చియ్యమ్మ గారు అన్నంతా అయింది. పొద్దున్న గాలి లెక్క చదివాక నలుగురు ఆడవాళ్లు బడికొచ్చి, పదిహేను దగ్గర కొట్టి చూపించమన్నారు. చూపించాను. పదమూడు దగ్గరా అన్నారు. చూపించాను. మధ్యాహ్నానికి ఇంకో ఇరవై మంది వచ్చారు. వాళ్లలో ఒకాయనకి పట్టు సంగతి నాకంటే బాగా అర్థమైంది, పక్కవాళ్లకి తనే చెబుతున్నాడు. ఇంతమంది పెద్దవాళ్లకి ఒక్కరోజులో పాఠం చెప్పడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

నా ఒక్కదాని సంతకం ఇక చెల్లదని పంచాయతీ రాసి పంపింది. రెండో సంతకం ఉండాలట. న్యాయమే. అచ్చియ్యమ్మ గారు దారిలో కనిపించి మాట్లాడకుండా వెళ్లిపోయారు. అదీ న్యాయమే.

పోలినాయుడు పాపని భుజాన వేసుకుని సందులో తిరుగుతున్నాడని పిల్లలు చెప్పారు. నేను వెళ్లలేదు. నన్ను చూడాలని ఆయనకి ఎందుకుంటుంది?

వెలుగు పక్షం, పంచమి

బడికి సెలవు. గాలి లెక్క: పదిహేను దగ్గర ఇరవై ఎనిమిది లేదు, బడి గాలిలోనూ, తోట గాలిలోనూ.

తోట గుమ్మం దగ్గర వరస చాలా పొడుగుంది. ఎప్పుడూ ఇంటికొకరు వచ్చేవారు, ఈసారి ఇళ్లకి ఇళ్లే కదిలొచ్చాయి. అందరికంటే ముందు అచ్చియ్యమ్మ గారు చేయి చాపారు. పోలినాయుడు చిక్కుడు గింజ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గింజ పట్టుకుని ఆయన రెండు చేతులూ కళ్లకి అద్దుకున్నారు. వరసలో ఎవరో ఆడవాళ్లు వెక్కారు.

నేను చిట్టచివర నిలబడ్డాను. నాకు గింజ ఇవ్వకపోయినా వాదించకూడదని నిర్ణయించుకునే వెళ్లాను. నా వంతు వచ్చేసరికి డబ్బాలో అడుగున నాలుగు గింజలున్నాయి. ఆయన నా మొహం చూడలేదు. గింజలు ఏరుతూ నిలబడ్డాడు. ఒకటి చూసి పక్కన పెట్టాడు, ఇంకొకటి చూసి పక్కన పెట్టాడు. నా చేయి అలా చాపుకునే ఉంది.

మూడోది తీసి నా అరచేతిలో పెట్టాడు. పెట్టిన చేయి తీయలేదు. తన వేళ్లతో నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, గుప్పిటంతా తన చేత్తో మూసి పట్టుకున్నాడు.

"సేతికి సెమటడతంది టీచరమ్మా. గింజ పాడైపోద్ది, బేగి మట్టిలో ఏసీ" అన్నాడు.

వెళ్లి వేశాను. మట్టి కప్పుతుంటే ఏడుపు ఆగలేదు. అందరూ చూస్తున్నా కళ్లు తుడుచుకోలేదు.